బోర్డర్ దాటితే ఏ హక్కు వెంట వస్తుంది?

ప్రాథమిక హక్కులు ఆరు, విధులు పదకొండు అని బడిలో మాచేత వల్లె వేయించారు గానీ, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్‌ని ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడి లాంటి ఊళ్లో బతికేవాడికి ముందు తెలియాల్సిన సంగతి మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కులన్నీ ఒకే తీరుగా ప్రయాణం చెయ్యవు. కొన్ని మనిషిని అంటిపెట్టుకుని ఉంటాయి, బోర్డర్ అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లినా పాట్నా వెళ్లినా వెంటే వస్తాయి. ఇంకొన్ని ఏదో ఒక రాష్ట్రం జాబితాలోనో, ఏదో ఒక ఆఫీసు రిజిస్టర్‌లోనో ఉంటాయి, మనం బోర్డర్ దాటి ఇవతలకి వచ్చేస్తాం, అవి అవతలే ఆగిపోతాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండేవాళ్లకి ఈ తేడా జన్మలో ఒక్కసారి కూడా తగలకపోవచ్చు. మాకు మాత్రం రోజువారీ వ్యవహారం.

నాకు ఈ గొడవంతా ఎందుకంటే మాకిక్కడ చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది. రెసిడెన్స్ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, క్యాస్ట్ సర్టిఫికెట్, స్కాలర్‌షిప్ ఫారాలు, కలెక్టర్ గ్రీవెన్స్‌కి అర్జీలు, అన్నీ మా దగ్గరే నింపించుకుంటారు. సగం మంది శ్రీకాకుళం జిల్లాతో చుట్టరికం ఉన్నవాళ్లే. పిల్లనిచ్చేది అక్కడ, పొలం ఇక్కడ, ఆసుపత్రికి అక్కడికి, రేషన్‌కి ఇక్కడికి. ఫారం తిరిగి వచ్చినప్పుడల్లా నన్నే అడుగుతారు కాబట్టి ఎందుకొచ్చిందో చదువుకోవాల్సి వచ్చింది, అలా చదవగా చదవగా రాజ్యాంగం మీద ఇష్టం పెరిగింది, కొన్ని చోట్ల కోపమూ పెరిగింది.

ముందు వెంట వచ్చే హక్కుల సంగతి. మన దేశంలో పౌరసత్వం ఒక్కటే. అమెరికాలో లాగా దేశానికొకటి, రాష్ట్రానికొకటి అని రెండు లేవు. ఐదో ఆర్టికల్ చదివితే భారత భూభాగంలో స్థిర నివాసం అనే ఉంటుంది తప్ప ఒడిశాలో నివాసం, ఆంధ్రాలో నివాసం అని ఉండదు. ప్రదీప్ జైన్ కేసులో 1984లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది, డొమిసైల్, అంటే ఆ స్థిర నివాసం, దేశానికి ఒకటే, రాష్ట్రానికొకటి ఉండదని. మొన్న 2025 జనవరిలో పీజీ మెడికల్ సీట్లలో రాష్ట్ర నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని మళ్లీ అదే మాట మీద నిలబడి తీర్పు ఇచ్చింది. 19వ ఆర్టికల్ ప్రకారం దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా ఇల్లు కట్టుకుని ఉండొచ్చు, ఏ వ్యాపారమైనా చేసుకోవచ్చు. 16వ ఆర్టికల్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన ఊరు, ఉంటున్న ఊరు అడ్డు పెట్టకూడదు, నివాసం షరతు పెట్టాలంటే పార్లమెంటు ఒక్కటే పెట్టగలదు, అసెంబ్లీలకు ఆ అధికారం లేదు.

ఇంత స్పష్టంగా ఉన్నాక కూడా మా షాపులో రోజూ ఎక్కువగా నింపే ఫారం ఏదయ్యా అంటే రెసిడెన్స్ సర్టిఫికెట్. నవ్వొస్తుంది గానీ ఏం చేస్తాం.

ఇక వెంట రానివి. మెళియాపుట్టి వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఒకామె అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆంధ్రాలో తీసుకున్న క్యాస్ట్ సర్టిఫికెట్ చేతిలో ఉంది, ఇక్కడ ఏదో పోస్టుకి దానితో అప్లై చెయ్యాలి. అత్తగారు “ఏటి బావూ, కన్నోరింటి కాయితం ఇక్కడ సెల్లదేటి?” అని అడిగింది. చెల్లదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు గానీ, జవాబు అదే. 341, 342 ఆర్టికల్స్ ఎస్సీ, ఎస్టీ జాబితాలను రాష్ట్రాలవారీగా తయారు చేయమన్నాయి. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఆంధ్రాకి సంబంధించినంతవరకే ఎస్సీ లేదా ఎస్టీ. బోర్డర్ దాటి వలస వస్తే, పెళ్లి చేసుకుని వచ్చినా సరే, కొత్త రాష్ట్రం ఇచ్చే రిజర్వేషన్ వర్తించదు. అదే కులం పేరు ఇక్కడి జాబితాలో ఉన్నా సరే వర్తించదు, ఇది చాలామంది నమ్మరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి మాత్రం ఆ కాగితం ఎక్కడైనా పనికొస్తుంది, కాబట్టి రైల్వేకో బ్యాంకుకో అప్లై చేసుకోమని చెప్పి పంపాను.

ఈ సూత్రాన్ని గట్టిగా స్థిరపరిచిన కేసు కూడా ఒక తెలుగు కుర్రాడిదే. మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. తెనాలిలో పుట్టాడు, అతని కులం ఆంధ్రాలో ఎస్టీ. తండ్రికి ఉద్యోగం రావడంతో తొమ్మిదేళ్ల వయసులో మహారాష్ట్ర వెళ్లాడు, చదువంతా బొంబాయిలో. మెడిసిన్ సీటు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ నువ్వు ఎస్టీవి కాదన్నారు. రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే నిజమంది. 2018లో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే సమర్థించింది. కోర్టు చెప్పిన కారణం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. వెనుకబాటు అనేది ఆ ఊళ్లో, ఆ ప్రాంతంలో ఆ కులం పడిన బాధను బట్టి ఉంటుంది, ఒకచోట అణగారిన కులం ఇంకోచోట అలా ఉండకపోవచ్చు, బయటినుంచి వచ్చినవాళ్లకు వాటా ఇస్తే స్థానికంగా నిజంగా వెనుకబడినవాళ్ల వాటా తగ్గుతుంది అని. తెనాలికి బొంబాయికి మధ్య ఇది బాగానే అతుకుతుంది. పర్లాకిమిడికి పాతపట్నానికి మధ్య ఎలా అతుకుతుంది చెప్పండి? ఒకే కులం, ఒకే యాస, ఒకే సంత, రోజూ సైకిల్ మీద వెళ్లొచ్చే దూరం. అక్కడ అంటరానితనం అనుభవించిన మనిషి ఇక్కడికి కాపురానికి వచ్చిన రోజు నుంచి అనుభవించలేదని ఎవరంటారు? అయినా దీన్ని కోర్టు మార్చలేదు, కలెక్టర్ అసలే మార్చలేడు. జాబితాలో ఒక్క పేరు కలపాలన్నా తీసెయ్యాలన్నా పార్లమెంటు చట్టం చెయ్యాల్సిందే అని 2000లో మిలింద్ కేసులో మరోసారి చెప్పారు. బోర్డర్ జిల్లాలకు ప్రత్యేకంగా ఏదైనా వెసులుబాటు పెట్టమని పార్లమెంటులో గట్టిగా అడిగే నాథుడు మాకు లేడు. మా ఎంపీ బరంపురం ఎంపీ, ఆయనకి ఉండే తలనొప్పులు ఆయనకి ఉంటాయి, తప్పు పట్టను.

ఉద్యోగాలు, చదువుల సంగతి ఇంకా తమాషా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్ ఏది తెరిచినా మామూలుగా ఒక షరతు కనిపిస్తుంది, ఒరియా చదవడం రాయడం మాట్లాడడం రావాలి, కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒరియా పాసై ఉండాలి అని. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఒరియా గడగడా మాట్లాడే పిల్లాడు తెలుగు మీడియంలోనో, ఒరియా సబ్జెక్టు లేని ప్రైవేటు బడిలోనో చదివితే మళ్లీ కూర్చుని ఆ పరీక్ష రాయాలి. సరే, రాష్ట్ర అధికార భాష ఏదో నిర్ణయించుకునే హక్కు 345వ ఆర్టికల్ అసెంబ్లీకి ఇచ్చింది, ఒడిశా 1954లోనే ఒరియాను అధికార భాషగా చేసుకుంటూ చట్టం చేసింది, పనిచేసే గుమాస్తాకి ఆ భాష రావాలనడం న్యాయమే. నాకు దానిమీద ఫిర్యాదు లేదు. పోనీ ఆంధ్రాలో సీటు తెచ్చుకుందామా అంటే అక్కడ 371డి అడ్డం వస్తుంది. 1973లో 32వ సవరణతో పెట్టిన ఆర్టికల్ అది, తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఎవరి ప్రాంతం సీట్లు వాళ్లకి దక్కాలని చేసిన ఏర్పాటు. అడ్మిషన్లలో 85 శాతం లోకల్. లోకల్ అంటే మామూలుగా ఆ పరీక్ష పాసయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు. మన పిల్లాడు చదివింది పర్లాకిమిడిలో, కాబట్టి ఎంత తెలుగువాడైనా నాన్ లోకల్. మిగిలిన 15 శాతంలోకి రావడానికీ వేరే షరతులున్నాయి. పోనీ సమానత్వ హక్కు ఉంది కదా అని కోర్టుకెళదామంటే, రాజ్యాంగంలో వేరే చోట ఏమున్నా సరే ఈ ఆర్టికలే చెల్లుతుందని 371డి లోపలే రాసిపెట్టారు. రాజ్యాంగమే రాజ్యాంగానికి అడ్డుకట్ట వేసిన చోటు ఇది, ఎవరైనా లా స్టూడెంట్లు ఉంటే ఒకసారి చదవండి, భలే ఉంటుంది.

అందుకే మా ఊళ్లో కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు పిల్లల్ని ఎనిమిదో తరగతిలోనే టెక్కలికో శ్రీకాకుళానికో హాస్టల్‌కి పంపేస్తారు. చదువు బాగుంటుందని పైకి చెబుతారు గానీ అసలు లెక్క ఆ నాలుగేళ్లదే. డబ్బు లేనివాడి పిల్లాడు ఇక్కడే ఉండి ఒరియా నేర్చుకుంటాడు, నిజం చెప్పాలంటే వాడే తొందరగా స్థిరపడుతున్నాడు కూడా.

మేం ఇలా ఇటువైపు ఎలా వచ్చామంటే 1936 ఏప్రిల్ 1న. అప్పటికి రాజ్యాంగం లేదు, బ్రిటిష్ వాళ్ల ఆర్డర్ ఒకటి. దానితో ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్స్ అయింది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం పట్టణంతో సహా ఇటొచ్చింది, మిగతాది అటే ఉండిపోయింది. మహారాజా కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒరిస్సాకి మొదటి ప్రధాని అయ్యారు. ఇదే ఊళ్లో ఉండి సవర భాషకి, వాడుక తెలుగుకి అంత పని చేసిన గిడుగు రామమూర్తి గారు ఆ విలీనం ఇష్టం లేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఇద్దరి మీదా మా ఊళ్లో గౌరవం ఉంది, ఇద్దర్లో ఎవరు రైటు అనే వాదన కూడా టీ కొట్టు దగ్గర ఇంకా నడుస్తూనే ఉంటుంది. జనాన్ని అడిగి గీత గీయలేదు అన్నది మాత్రం ఎవరూ కాదనరు.

స్వతంత్రం వచ్చాక రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో రిపోర్టు ఇచ్చింది. రాష్ట్రాలను భాషను బట్టి ఎంత జాగ్రత్తగా కోసినా ప్రతి గీతకీ అటు కొందరు ఇటు కొందరు మిగిలిపోతారని వాళ్లకి బాగా తెలుసు, కాబట్టి అలా మిగిలిపోయినవాళ్ల కోసం రాజ్యాంగంలో ఏదో ఒకటి ఉండాలన్నారు. దాని ఫలితమే 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఏ, 350బి. అసలు 1950 రాజ్యాంగంలో ఇవి లేవు. 350ఏ ఏమంటుందంటే, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రైమరీ చదువు మాతృభాషలో చెప్పేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలి, అవసరమైతే రాష్ట్రపతి ఆదేశాలు కూడా ఇవ్వొచ్చు. ఎంతమంది పిల్లలుంటే టీచర్‌ని వెయ్యాలి అన్నదానికి 1949లో విద్యాశాఖ మంత్రుల సమావేశంలోనే ఒక లెక్క ఒప్పుకున్నారు, బడి మొత్తంలో 40 మంది గానీ ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే చాలని. ఇప్పటికీ అందరూ ఆ లెక్కే చెబుతారు.

వినడానికి ఎంత బాగుందో చూశారా. చిక్కు ఎక్కడంటే ఇది ప్రాథమిక హక్కుల భాగంలో లేదు. ఎక్కడో చివర భాషల భాగంలో ఉంది. ప్రాథమిక హక్కుకి భంగం కలిగితే 32వ ఆర్టికల్ పట్టుకుని నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టొచ్చు, అలా తట్టడమే ఒక హక్కు. 350ఏ కి ఆ బలం లేదు. ప్రభుత్వం కృషి చేస్తున్నామంటుంది, టీచర్ రిటైరైతే పోస్టు ఖాళీగా ఉంటుంది, పుస్తకాలు ఆలస్యంగా వస్తాయి, పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గారు కాబట్టి బడి కలిపేస్తారు. ఎవరూ మూయమని ఆర్డర్ ఇవ్వలేదు, అయినా బడి మూతపడింది. 350బి కింద 1957 నుంచి భాషా మైనారిటీల కోసం ఒక కమిషనర్ ఉన్నారు, రిపోర్టులు రాస్తారు, అవి రాష్ట్రపతి ద్వారా పార్లమెంటు ముందుకు వెళతాయి. అక్కడితో సరి. రాయడమే తప్ప చేయించే అధికారం ఆ కుర్చీకి ఇవ్వలేదు.

దీని పక్కన 29, 30 ఆర్టికల్స్ పెట్టి చూడండి. ఇవి ప్రాథమిక హక్కులు. మన భాష, లిపి, సంస్కృతి కాపాడుకునే హక్కు 29 ఇస్తుంది, సొంతంగా విద్యాసంస్థ పెట్టుకుని నడుపుకునే హక్కు 30 ఇస్తుంది, మైనారిటీ ఎవరు అన్నది దేశం మొత్తం మీద కాకుండా రాష్ట్రాన్ని బట్టి లెక్కపెట్టాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జిలు కూర్చుని చెప్పారు. అంటే గుంటూరులో మెజారిటీ అయిన తెలుగువాడు బరంపురంలో మైనారిటీ. బరంపురంలో, రాయగడలో వ్యాపారాలు చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న తెలుగు సంఘాలు కోరుకుంటే బళ్లు, కాలేజీలు పెట్టొచ్చు, ఎయిడ్ ఇచ్చేటప్పుడు మైనారిటీ యాజమాన్యం అని వివక్ష చూపకూడదు. కానీ ఈ హక్కు వాడాలంటే భూమి కావాలి, బిల్డింగ్ కావాలి, జీతాలివ్వాలి. కూలివాడి పిల్లాడికి అందాల్సినది 350ఏ, దానికేమో పళ్లు లేవు. డబ్బున్న సంఘానికి పనికొచ్చే 30 మాత్రం ఉక్కులా ఉంది. ఇది కావాలని చేశారని నేననను, కానీ ఫలితం అదే కదా.

ఇక్కడ మనవాళ్ల మాట కూడా ఒకటి ఒప్పుకోవాలి. 2014లో కర్ణాటక కేసులో ప్రైమరీలో ఏ భాషలో చదవాలో ప్రభుత్వం రుద్దకూడదు, అది తల్లిదండ్రుల ఇష్టం అని సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల ఇష్టం ఏమిటో ఊళ్లో పొద్దున్నే తిరిగే పసుపు వ్యాన్లను చూస్తే తెలుస్తుంది. తెలుగు బడి పోయిందని నా షాపులో కూర్చుని బాధపడే పెద్దమనిషి మనవడు ఇంగ్లిష్ మీడియం. కోర్టులు, కమిషన్లు ఏం చేస్తాయి దానికి.

ఇంత చెప్పాక కొఠియా గురించి రాయకపోతే ఊరుకోరు. ఇక్కడికి దూరమే, కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు ఒకవైపు, సాలూరు మండలం ఇంకోవైపు, కొండల మధ్య 21 ఊళ్లు ఎవరివో తేలలేదు. 1968లో ఒరిస్సా ప్రభుత్వం 131వ ఆర్టికల్ కింద సుప్రీంకోర్టులో దావా వేసింది. రెండు రాష్ట్రాల మధ్య తగువు వస్తే కింది కోర్టులతో పని లేకుండా నేరుగా అక్కడే తేల్చుకోవాలని ఆ ఆర్టికల్ చెబుతుంది. ఆ ఏడాదే ఎక్కడివాళ్లక్కడ యథాతథంగా ఉండమని కోర్టు ఆదేశించింది. 2006లో సాంకేతిక కారణాల మీద దావా కొట్టేశారు, యథాతథ స్థితి మాత్రం కొనసాగమన్నారు, గీత ఎవరూ గీయలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ సుప్రీంకోర్టుకెక్కింది.

అక్కడి జనం దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉంటాయని పేపర్లలో ఎప్పుడూ చదువుతూనే ఉంటాం. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల ఓటర్ల జాబితాలో ఉండకూడదని 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం చెబుతుంది. కానీ ఆ ఊరు ఏ నియోజకవర్గమో దేశమే తేల్చలేనప్పుడు ఆ కొండ మనిషిని ఏమని అడుగుతాం? మా వాళ్లు కొందరు “ఆళ్లదే అదృష్టం, రెండు పక్కలా పింఛను” అంటారు. నాకు అలా అనిపించదు. ఒక కలెక్టర్ రోడ్డేస్తే ఇంకో కలెక్టర్ అంగన్‌వాడీ కడతాడు, ఇదంతా జనం మీద ప్రేమతో వచ్చింది కాదు, ఎదుటి రాష్ట్రం మీద పోటీతో వచ్చింది. రేపు గీత గీశారనుకోండి, ఓడిపోయిన ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఏమవుతుంది, పింఛను ఏమవుతుంది? హక్కుగా వచ్చినదైతే తీసేసేటప్పుడు కారణం చెప్పాలి, నోటీసు ఇవ్వాలి, కోర్టులో నిలదీయొచ్చు. పోటీలో వచ్చినదానికి అవేవీ ఉండవు, పోటీ అయిపోయిన రోజున అదీ ఆగిపోతుంది. 1968 నుంచి మూడు తరాలు అలా మధ్యలో ఉన్నారు.

గీత మార్చాలంటే దారి ఉంది, మూడో ఆర్టికల్. పార్లమెంటు మామూలు మెజారిటీతో ఏ రాష్ట్రం సరిహద్దునైనా మార్చొచ్చు. రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు పెట్టాలి, సంబంధిత అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, అడగాలి అంతే, వినాలని లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా తెలంగాణ ఆగలేదు కదా. అందుకే మా ఊళ్లో అప్పుడప్పుడు ఎవరో ఒకరు పర్లాకిమిడిని ఆంధ్రాలో కలిపేస్తే ఈ తలనొప్పులన్నీ పోతాయంటారు. నేను ఒప్పుకోను. ఆంధ్రాలోనే ఇచ్ఛాపురం, మందస వైపు ఒరియా మాట్లాడే ఊళ్లున్నాయి, వాళ్లు అక్కడ సరిగ్గా మాలాగే ఇదే 350ఏ పట్టుకుని ఒరియా టీచర్ కావాలని అడుగుతున్నారు. మమ్మల్ని అటు కలిపితే ఈ ఊళ్లో ఒరియావాళ్లు ఆ వరుసలో చేరతారు. వరుస పొడవు తగ్గదు, మనుషులు మారతారు.

ఇప్పటిదాకా మైనారిటీ మైనారిటీ అని మా కష్టాలే చెప్పాను. రెండో వైపు కూడా ఉంది, ఇది రాస్తే మా వాళ్లలో కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నా. భాషలో మేం తక్కువమందిమి గానీ సంతలో, భూమి దగ్గర, వడ్డీ దగ్గర మేం బలహీనులం కాము. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తం, మా గజపతి జిల్లాలో కొంత భాగం ఐదో షెడ్యూల్ ప్రాంతం. అక్కడ మామూలు చట్టాన్ని అలాగే అమలు చెయ్యాలా వద్దా అని గవర్నర్ నిర్ణయించొచ్చు, గిరిజనుల భూమి చేతులు మారకుండా రెగ్యులేషన్ తేవొచ్చు. ఆంధ్రాలో ఇందుకోసం ఉన్న 1/70 రెగ్యులేషన్ అందరికీ తెలుసు, ఒడిశాలో దానికి జంట 1956 నాటి రెండో రెగ్యులేషన్. 2002లో దాన్ని ఇంకా బిగించారు, గిరిజనేతరుడు గిరిజనుడి భూమి కొనడం కుదరదు. మా షాపుకి వచ్చే కొందరు షావుకార్లకి రాజ్యాంగం మీద ఉన్న ఒకే ఒక్క కోపం ఇదే. “సొంత డబ్బుతో కొనుక్కోవడానికి కూడా హక్కు లేదా?” అంటారు. లేదు. అప్పు కింద, ఉప్పు కింద, సారా కింద ఎకరాలు ఎలా రాయించుకున్నారో కొండల్లో అందరికీ తెలుసు, అది తెలిసే పెట్టిన అడ్డు అది. 2023 నవంబరులో ఒడిశా క్యాబినెట్ ఆ రెగ్యులేషన్‌ను సడలించాలని నిర్ణయం తీసుకుంటే అంత గొడవ జరిగి రోజుల్లోనే పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇదే షెడ్యూల్, ఆ ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం కలిసి పనిచేసిన చోటు నియమగిరి. కొండమీద బాక్సైట్ తవ్వకానికి ప్రభుత్వాలు, కంపెనీ సిద్ధమైతే, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ కొండ అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోంధులకు దేవుడా కాదా, తవ్వితే వాళ్ల మత హక్కుకి భంగమా కాదా, ఇది ఢిల్లీలోనూ భువనేశ్వర్‌లోనూ తేల్చేది కాదు, గ్రామసభను అడగండి అంది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు, జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చుని చూశారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. మూడో ఆర్టికల్ కింద అసెంబ్లీ మొత్తం కలిసి వద్దన్నా పార్లమెంటు వినక్కర్లేదని ఇంతకుముందే చెప్పాను కదా, ఇక్కడ పట్టుమని పాతిక గడపలు కూడా లేని ఊరి మాటకి ప్రభుత్వం ఆగిపోయింది. అసెంబ్లీకి లేని బలం గ్రామసభకి ఎలా వచ్చిందో ఆలోచిస్తే, చట్టంలో ఎవరిని అడగాలి అని మాత్రమే రాయడానికీ, వాళ్లు ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలి అని రాయడానికీ ఎంత తేడా ఉందో అర్థమవుతుంది. మా 350ఏ లో కృషి చేయాలి అని మాత్రమే ఉంది, కాబట్టి అదీ మొదటి రకంలో పడిపోయింది, అంతే తేడా.

ఈ మొత్తంలో పైసా ఖర్చు లేకుండా రేపు పొద్దున్నే వాడుకోగలిగినది ఒకటుంది, 350వ ఆర్టికల్. ఏ, బి ఏమీ లేని ఉత్త 350. ఇది 1950 నుంచీ ఉంది. ఏ కష్టం గురించైనా, కేంద్ర అధికారికైనా రాష్ట్ర అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఒడిశాలో తెలుగు వాడుకలో ఉన్న భాష కాదని ఎవరూ అనలేరు. ఒక ఆఫీసులో మా ముసలాయన తెలుగు అర్జీ పట్టుకెళితే గుమాస్తా ఒరియాలో రాసుకుని రమ్మని పంపేశాడు. మళ్లీ అదే కాగితం, పైన ఆర్టికల్ 350 ప్రకారం అని ఒక లైను కలిపి ఇచ్చి పంపాను, ఈసారి తీసుకుని స్టాంపు వేసి ఇచ్చారు. జవాబు మాత్రం ఒరియాలోనే వచ్చింది. జవాబు ఏ భాషలో ఇవ్వాలో ఆ ఆర్టికల్ చెప్పదు, కాబట్టి దాని మీద పోట్లాడకండి, చదివిపెట్టేవాడిని చూసుకోండి. పని త్వరగా కావాలంటే ఒరియాలో ఇవ్వడమే మేలని నేనే చాలామందికి చెబుతాను, అది వేరే సంగతి. కానీ తెలుగులో ఇచ్చింది తీసుకోకపోతే మాత్రం ఊరుకోవద్దు.

సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లేవాళ్లు రెండు కాపీలు పట్టుకెళ్లండి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, తెలుగు టీచర్ కోసం అయితే పిల్లల పేర్లు, తరగతులు, తల్లిదండ్రుల సంతకాలు జత చెయ్యండి, తరగతికి 10 మంది ఉన్నారని కాగితం మీద కనపడాలి. కలెక్టర్‌కి ఒకటి, భాషా మైనారిటీల కమిషనర్‌కి ఒకటి పోస్టులో వెయ్యండి, రిపోర్టులోనైనా మన ఊరి పేరు పడుతుంది. టైపింగ్ మా షాపులో చేయించుకోవచ్చు, ఒరియాకి ఎంతో తెలుగుకీ అంతే, రేటు తేడా లేదు.